మూడో బటన్

రెండింటికల్లా నింపి ఇమ్మన్నారు. ఇప్పుడు ఒంటిగంట దాటి అయిదు నిమిషాలు. కాగితం ఒళ్లో ఉంది, కింద పెట్టుకోవడానికి అట్ట కూడా ఇవ్వలేదు, తొడ మీద ఆనించి రాయబోతే పెన్ను మొన కాగితాన్ని పొడుచుకుని ప్యాంటులోకి దిగుతోంది. మూడు గడులున్నాయి. మార్పు ఏమిటి, మార్పు చేసినవారు ఎవరు, సంతకం. మొదటి గడి నింపాను, మూడో బటన్, వదిలితే తగులుతుంది, అని. ఆ నాలుగు ముక్కలకే చెమట పట్టింది. ఏడో తరగతి మధ్యలో ఆగిపోయిన చేతిరాత నాది, ఆ తర్వాత లిఫ్టుల తనిఖీ పుస్తకాల్లో ‘చూశాను, బాగుంది’ అని రాసి ఒక గీత గియ్యడం తప్ప దానికి పనేం పడలేదు. రెండో గడి దగ్గర ఆగిపోయాను. మార్పు చేసినవారు ఎవరు. ఈ ప్రశ్న నన్ను ఇంతకుముందు ఒకసారి అడిగారు, ముప్పై మూడేళ్ల కింద. అప్పుడు జవాబు నేను చెప్పలేదు, నా బదులు ఇంకొకరు చెప్పారు, ఒకే ఒక్క మాట, రెండక్షరాలు. హాలు ఖాళీ అవుతోంది, అందరూ తిండికి లేచారు. నేల మీద బ్యాడ్మింటన్ గీతలు, గీతల మీద వరసగా బల్లలు, బల్లల మీద టీవీలు. వైర్ల మీద కాలు పెట్టొద్దని పొద్దున్నుంచి గొంతు చించుకున్న మనిషి కూడా వైర్లు తొక్కుకుంటూ వెళ్లిపోయాడు. తొమ్మిదింటికి ఈ వీడియో గేమ్ పోటీ అరవై నాలుగు మందిమి మొదలుపెట్టాం. ఇప్పుడు ఇద్దరం మిగిలాం. ఇద్దర్లో ఒకడికి ఇలా కాగితం ఇచ్చి కూర్చోబెట్టారు, బడిలో గోడకుర్చీ వేయించినట్టు.

నేను ఆడే పెట్టె, అవతల రిఫరీల బల్ల మీద వెల్లకిలా పడుంది. అడుగు చెక్క ఊడదీసి, నాలుగు మరలూ కాగితం కప్పులో వేసి, తీగలన్నీ బయటికి లాగి, పేగులు తీసిన చేపలా వదిలేసి పోయారు. పాత బీరువా సొరుగు కోసి చేసిన పెట్టె అది. ఎడమ పక్క ఆడించే కర్ర, కుడి పక్క ఆరు బటన్లు, పై వరస మూడు గుద్దులకీ తన్నులకీ, కింది వరస మూడూ మిగతా వాటికి. బటన్లు ఎక్కడివో చెబితే ఇక్కడ ఎవరికీ అర్థం కాదు, పాత రోజుల్లో మనిషంత ఎత్తు ఆట యంత్రాలుండేవి, బిళ్ల వేస్తే ఆడేవి, తుక్కుకి పోయిన అలాంటి ఒకదాని నుంచి పీక్కొచ్చాను. మిగతా అందరి పెట్టెలూ కొన్నవే, బటన్ల చుట్టూ లైట్లు తిరుగుతుంటాయి పెళ్లి పందిరిలా. నేను సంచిలోంచి నాది తీయగానే వెనక వరసలోంచి ఎవడో అన్నాడు, అంకుల్ చెప్పులు కొనుక్కొచ్చారా అని. నవ్వారు. నేనూ నవ్వాను. అక్కడే చేశాను తప్పు, నవ్వకుండా ఉండాల్సింది.

సెమీ ఫైనల్లో గడ్డంవాడిని కొట్టాను. నిండా ఇరవై రెండేళ్లు ఉండవు, గడ్డం మాత్రం నూనె రాసి దువ్వుకుంటాడు, పక్కన ఒక కోచ్. ఆటకి కోచ్ ఉంటాడని నాకు ఇవాళే తెలిసింది. పక్కపక్కన కూర్చుని ఆడతాం గదా, చెవిలో అవతలివాడి బటన్ల చప్పుడు పడుతూనే ఉంటుంది, తెలివైనవాడు ఆ చప్పుడు విని కాచుకుంటాడు. వాడు తెలివైనవాడే. నా మూడో బటన్ టక్ మంది, వాడు కాచుకున్నాడు, ఏమీ రాలేదు. కాపు దించాడు. అప్పుడు వేలు ఎత్తాను, గట్టి తన్ను పోయి వాడి బొమ్మ మూతి మీద తగిలింది. అలా ఆరుసార్లు. ఆరోసారికి వాడు తెర చూడ్డం మానేసి నా చేతివంక చూశాడు, ఆట పోయింది. లేచి చెయ్యి కూడా ఇవ్వలేదు. తిన్నగా రిఫరీ దగ్గరికెళ్లి, బటన్ చప్పుడు ఒకప్పుడు, దెబ్బ ఇంకొకప్పుడు, ఇది మోసం, అన్నాడు. మోసం. ముప్పై ఏళ్లు లిఫ్టు గోతుల్లో వేలాడి పనిచేశాను, ఒక్క తీగ, ఒక్క బోల్టు వదులుగా వదల్లేదు, ఎవడి ప్రాణమూ నా చేతిలో పోలేదు, నేను మోసం. వాడి పళ్లు రాలగొట్టాలనిపించింది. బొమ్మవి కాదు.

రిఫరీ సన్నటి మనిషి, కళ్లజోడు, మర్యాద ఎక్కువ. నాకు మర్యాద ఎక్కువైనవాళ్లతో ఒళ్లు మండుతుంది, వాళ్లని తిట్టడానికి సందు దొరకదు. పొద్దున తనిఖీలో పంపించాం కాబట్టి సెమీ ఫైనల్ మీరే గెలిచినట్టు సార్, అందులో తేడా లేదు, అయితే ఫైనల్‌కి మాత్రం బటన్ నొక్కితే పనిచెయ్యాలి, వదిలితే పనిచేసేది చెల్లదు, రెండు నిమిషాల పని సార్, తీగ పక్క కాలికి మార్చుకుంటే చాలు, లేదంటే మామూలు ప్యాడ్ మేమే ఇస్తాం, అన్నాడు. బటన్ కింద చిన్న స్విచ్చు ఉంటుంది, దానికి మూడు కాళ్లు. ఒకటి రెండింటికీ ఉమ్మడి, ఒకటి నొక్కితే కలుస్తుంది, ఒకటి వదిలితే కలుస్తుంది. తీగ నొక్కే కాలికి పెడితే లోకమంతా ఆడే బటన్. వదిలే కాలికి పెడితే నాది. నొక్కినంతసేపూ ఏమీ జరగదు, వేలు ఎత్తగానే దెబ్బ. ఈ సంగతి ఆ కళ్లజోడాయనకి నేను చెప్పాలా, చెప్పాను, ఆయన తలూపాడు, తలూపి రెండు నిమిషాల పని అని మళ్లీ అన్నాడు. తీగ మార్చడానికి రెండు నిమిషాలే. ఈ వేలిని మార్చడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో ఆ కాగితంలో ఎక్కడా గడి లేదు.

మెడలో ట్యాగు గీరుకుంటోంది. పసుపు ట్యాగు. పొద్దున గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్న అమ్మాయి నా మొహం చూసింది, ఏమీ అడక్కుండా పసుపుది తీసి చేతిలో పెట్టింది. ఆడేవాళ్లకి ఆకుపచ్చ, వెంట వచ్చినవాళ్లకి పసుపు, దాని మీద ‘గార్డియన్’ అని ఉంటుంది. మీ బాబు ఎక్కడ అంకుల్, అంది. మా బాబు పోయి ముప్పై నాలుగేళ్లయిందమ్మా, అన్నాను. ఆ పిల్ల సారీ చెప్పింది, బాబు అంటే నాన్న కూడానన్న జోకు అర్థమై కాదు. నా పేరు జాబితాలో చూపిస్తే నోరు తెరిచింది, అప్పటికి ఆకుపచ్చవి అయిపోయాయి, లోపల మార్చి ఇస్తాం అంది, లోపల ఎవరూ మార్చలేదు. ఆరు రౌండ్లు కావాల్సిన పోటీలో అయిదు రౌండ్లు మెడలో గార్డియన్ అని వేలాడేసుకుని గెలిచాను. మైకులో అరిచే కుర్రాడు నన్ను లిఫ్ట్ అంకుల్ అంటున్నాడు, దరఖాస్తులో ‘ఆటలో మీ పేరు’ అన్నచోట ఏం రాయాలో తెలీక లిఫ్ట్ మెకానిక్ అని రాశాను, అది వాడి నోట్లో పడి ఇలా అయింది. మా ఆవిడ వింటే పడిపడి నవ్వుతుంది. పొద్దున ఇస్త్రీ చొక్కా అందిస్తూ, గెలిస్తే ఫోన్ చెయ్యి, ఓడితే కూరలు పట్రా, అంది. ఫైనల్‌కి వచ్చానని ఇంకా ఫోన్ చెయ్యలేదు. చేస్తే నా మాటని బట్టే కనిపెట్టేస్తుంది, ఎందుకు కోపంగా ఉన్నావ్ అని అడుగుతుంది, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను.

నాలుగో అంతస్తు నుంచి మొదలుపెట్టొచ్చు. నేను బాగుచెయ్యడానికి వెళ్లే ఒక బిల్డింగులో లిఫ్టు నెలకి రెండుసార్లు ఆగేది. జనం బటన్ నొక్కుతారు, వెలుగుతుంది, అయినా మళ్లీ నొక్కుతారు, మళ్లీ నొక్కుతారు, నొక్కే కొద్దీ తొందరగా వస్తుందని ఎవరు చెప్పారో. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను, మనుషులు నొక్కడమే నేర్చుకున్నారు. నాలుగో అంతస్తులో ఆటల షాపు. ఒకసారి సామాను వచ్చేదాకా కూర్చోవాల్సి వచ్చి అటు చూస్తే, తెర మీద నాకు తెలిసిన మనిషి. అదే ఎర్ర తలపాగా, అదే కుంటి నడక, కొత్త బట్టలు కట్టారంతే, చిన్నప్పటి ఆట యంత్రంలో ఉండే బొమ్మే. లేచి నిలబడ్డాను. చుట్టం కనిపించినట్టు కాదు, పారిపోయిన దొంగ కనిపించినట్టు. వెళ్లి ప్యాడ్ పట్టుకుంటే వేలు తిరగబడింది. అందరూ నొక్కి కొడుతుంటే నేను ఎత్తి కొట్టబోతున్నాను, ఓడిపోయాను, పక్కవాడు, సరదాకి ఆడతారులే అంకుల్, అన్నాడు. ఆ సరదా అన్నమాట ఇంటిదాకా వచ్చింది. ఆ ఆదివారమే సొరుగు కోశాను. ఆ ఆదివారమే మూడో బటన్ తీగ వదిలే కాలికి పెట్టాను, తెలిసే, చేతులారా. రాయనా మరి రెండో గడిలో, నేనే అని. నిజమే గదా. ఈ పెట్టెకి తీగ పెట్టింది నేనే.

సగం నిజం. రెండో సగం అదిగో, అక్కడ, మూడు వరసల అవతల, పసుపు ట్యాగుతో కూర్చుని ఉంది.

రెండో సెమీ ఫైనల్ చూస్తున్నప్పుడు తెలిసింది. పెద్ద తెర మూలన చిన్న గడిలో ఆడేవాళ్ల చేతులు చూపిస్తారు. ఒక పక్క ఎవడో, ఇంకో పక్క ఒక అమ్మాయి, ఇరవై ఏళ్లుంటాయి, తెల్ల హెడ్‌ఫోన్లు, నోట్లో బబుల్‌గమ్. నేను ఆట చూస్తున్నాను, చేతులు చూడ్డంలేదు. అయితే ఒక వేలు కంట్లో పడింది. ఉంగరపు వేలు. మూడో బటన్ మీద ఆనుకుని పడుకుని ఉంది, మిగతావన్నీ టకటకలాడుతుంటే అది మాత్రం బరువు పెట్టి నొక్కి ఉంది, ఉండుండి వేడి పెనం తగిలినట్టు పైకి లేచింది, తెర మీద తన్ను పడింది, వేలు మళ్లీ పడుకుంది. ఆ వేలు లోకంలో రెండే చేతులకి ఉందనుకున్నాను ఇన్నాళ్లూ. ఒకటి ఇది. అప్పుడు హాలంతా వెతికాను, పసుపు ట్యాగులన్నీ వెతికాను. కింది పెదవి కొరుక్కుంటూ, కుడిచేతికి వాచీ పెట్టుకుని, జుట్టు సగం తెల్లబడి, కూతురి తెరవంక రెప్పవెయ్యకుండా చూస్తూ మా అక్క.

మా నాన్న పోయిన ఏడాది ఇద్దర్లో ఒకళ్లే చదవాలని తేలింది. అక్క నాకన్నా రెండేళ్లు పెద్ద, క్లాసులో మొదటిది. నేను ఎన్నో స్థానమో పంతులుకి కూడా గుర్తులేదు. నన్ను చిన్నాన్న ఆటల షాపులో పెట్టారు, అయిదు యంత్రాలు, వాటికి దుమ్ము తుడవడం, ఇరుక్కున్న బిళ్లలు తియ్యడం, పిల్లలు తన్నుకుంటే విడదియ్యడం. మధ్యాహ్నం చిన్నాన్న నిద్రకి వెళ్లేవాడు, షట్టరు సగం దించేవాళ్లం, ఆ సగం షట్టరు కింది నుంచి వంగి అక్క వచ్చేది, బడి బట్టల్లోనే. ఆ రెండు గంటలూ మావి. చెప్పకూడదు గానీ అక్క నాకన్నా బాగా ఆడేది. ఎర్ర తలపాగావాణ్ణి తను తీసుకునేది, నేను ఇంకెవణ్ణో తీసుకుని తన్నులు తినేవాణ్ణి. ఒకరోజు మూడో బటన్ తీగ ఊడింది. నేను తీగ అతకడానికి సీసం తెస్తానని బజారుకి పరిగెత్తాను, వచ్చేసరికి పొగ, వాసన, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని అక్క యంత్రం పొట్టలో తల దూర్చి ఉంది. సొరుగులో చిన్న ముక్క దొరికిందిరా, అయిపోయింది చూడు, అంది. బొటనవేలు కాలి బొబ్బ ఎక్కింది, పట్టించుకోలేదు. నొక్కింది, ఏమీ రాలేదు. మళ్లీ నొక్కింది, రాలేదు. విసుగొచ్చి వేలు ఎత్తింది, తన్ను పడింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం, ఆ తర్వాత నేల మీద కూర్చుండిపోయి నవ్వాం, కడుపు పట్టుకుని, సగం షట్టరు బయట పోయేవాళ్ల కాళ్లు ఆగి వంగి చూసేదాకా. రేపు మారుద్దాంలే, అంది. మర్నాడు మార్చలేదు. మూడు నెలలు మార్చలేదు. ఆ మూడు నెలల్లో మా వేళ్లు మారిపోయాయి.

ఎవరికీ చెప్పలేదు. ఆ యంత్రం దగ్గర అందరూ ఓడిపోయేవాళ్లు, మేమిద్దరమే గెలిచేవాళ్లం, అది మా రాజ్యం. కలప డిపో వాళ్లబ్బాయి ఒకరోజు పన్నెండు ఆటలు వరసగా ఓడి, యంత్రంలో మోసం ఉందని అరిచాడు. ఇదే మాట. ముప్పై మూడేళ్ల తర్వాత గడ్డం పెంచుకుని అదే మాట తెచ్చాడు. చిన్నాన్న నిద్రలోంచి వచ్చాడు, మొహం మీద చాప అచ్చులు, పొట్ట విప్పి చూశాడు, ఆయనకీ తెలుసు స్విచ్చుకి మూడు కాళ్లని. ఎవర్రా ఈ తీగ పెట్టింది, అన్నాడు. అడిగింది నన్ను. నేను అక్కవంక చూశాను, చెప్పమని కాదు, ఏం చెబుదాం అని. ఎప్పుడూ అలాగే చూసుకునేవాళ్లం, ఏ అబద్ధమైనా ఇద్దరం కలిసే ఆడేవాళ్లం. అక్క కాలిన బొటనవేలు పిడికిట్లో దాచుకుని, నేల చూస్తూ, వాడే, అంది.

వాడే. చెంప మీద పడిన దెబ్బ గుర్తులేదు, మెడపట్టి షట్టరు కిందినుంచి నెట్టినప్పుడు వీపు గీరుకుపోయింది, అదీ గుర్తులేదు, మా ఆవిడ చెబుతుంది వీపు మీద గీత ఉందని. గుర్తున్నది ఆ రెండక్షరాలే. నేను ఎదురుగా ఉన్నాను, చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో ఉన్నాను, వీడు అనొచ్చు, తమ్ముడు అనొచ్చు. వాడు అంది, వీధి చివర ఎవడో నిలబడి ఉన్నట్టు. ఆ వారమే లిఫ్టుల కంపెనీలో తాళ్లు లాగే పనికి చేరాను. అక్క కాలేజీకి వెళ్లింది, ఫీజు చిన్నాన్నే కట్టాడు. కట్టేది ఆయన కాబట్టే అంది, నిజం చెబితే కట్టడేమోనని భయపడింది, పదహారేళ్ల పిల్ల, నాకు అర్థం కాలేదా, ఏడాది తిరక్కుండానే అర్థమైంది. అర్థమైతే కోపం పోతుందని ఎవరు చెప్పారో గానీ వాడు ఎప్పుడూ ఏదీ అర్థం చేసుకుని ఉండడు. అర్థమైన కోపమే ముదురుతుంది, దాన్ని ఇంకేమీ అడగలేం.

అయినా పద్నాలుగేళ్లు రాకపోకలు ఉన్నాయి. పెళ్లికెళ్లాను, అంట్లగిన్నెలు మోశాను. ఆ తర్వాత పంతొమ్మిదేళ్ల కింద, అమ్మ ఇంట్లో, సాయంత్రం అందరం టీ తాగుతున్నాం, అక్క ఒళ్లో ఏడాది పిల్ల, పిల్ల అక్క ఉంగరపు వేలు పట్టుకుని నోట్లో పెట్టుకుంటోంది. బావ ఏదో అడిగాడు నా పని గురించి. అక్క నవ్వుతూ, వీడు చిన్నప్పుడు మా చిన్నాన్న షాపులో తీగ తప్పు కాలికి పెట్టి తన్నులు తిన్నాడు, అప్పుడు మొదలైంది వీడి మెకానిక్ పని, అంది. బావ నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. నేను అక్కవంక చూశాను, ఎప్పట్లాగే. కన్ను గీటుతుందని చూశాను, పెదవి కొరుక్కుంటుందని చూశాను. ఏమీ లేదు. మొహం కడిగిన పలకలా ఉంది. అప్పుడు తెలిసింది, అబద్ధం చెప్పీ చెప్పీ అక్కకి అదే నిజమైపోయింది, తను పెట్టిన తీగ నిజంగానే నేను పెట్టాననుకుంటోంది. కప్పు కింద పెట్టి లేచి వచ్చేశాను. సగం టీ అలాగే ఉంది. అమ్మ పోయినప్పుడు కూడా ఒకే గదిలో అటువైపు ఇటువైపు కూర్చున్నాం, మాట్లాడలేదు.

ఇప్పుడు ఒంటిగంటా నలభై. ఫైనల్లో నాకు ఎదురు ఆడబోయే ఆ పిల్ల పెట్టె బల్ల కింద సంచిలో ఉంది. ఎవరూ విప్పలేదు, ఎవరికీ అనుమానం రాలేదు, నా పెట్టెలా సొరుగు చెక్క కాదు గదా అది, లైట్లు తిరిగే పెట్టె. అందులో మూడో బటన్ తీగ వదిలే కాలికి ఉందని ఈ హాల్లో ముగ్గురికే తెలుసు. పెట్టింది ఎవరో నాకు తెలుసు. అంటే అక్క మర్చిపోలేదు. ఇది ఇప్పుడే తట్టింది నాకు, పెన్ను మూత కొరుకుతుంటే, పంటికింద రాయి పడ్డట్టు. మర్చిపోయిన మనిషి కూతురికి తప్పు తీగ పెట్టదు, కూతురి వేలికి ఎత్తడం నేర్పదు. అన్నీ గుర్తున్నాయి. బొబ్బ గుర్తుంది, నవ్విన నవ్వు గుర్తుంది, వాడే అన్నది గుర్తుంది, అన్నీ గుర్తుండే ఆరోజు టీ తాగుతూ ఆ మాట అంది. మర్చిపోయిందనుకుని పంతొమ్మిదేళ్లు ఒకలా మండాను, ఇప్పుడు ఇంకోలా మండుతున్నాను. ముందుదే నయం. చెయ్యి ఎత్తి కళ్లజోడాయన్ని పిలిస్తే చాలు, ఆ పెట్టె కూడా విప్పండి సార్ అంటే చాలు, గడ్డంవాడు మోసం అని ఆవిడ కూతురిని కూడా అంటాడు, ఆవిడ వింటుంది. గెలిచినవాళ్లు దేశస్థాయి పోటీకి వెళ్తారు, ఆ పిల్ల దానికోసం ఎన్నాళ్లుగా ఆడుతోందో, మామూలు తీగతో ఆ వేలు నా వేలులాగే బిక్కచచ్చిపోతుంది. అక్క ఇటు చూడ్డంలేదు. గంట నుంచీ చూడ్డంలేదు. నన్ను చూడకుండా ఉండటానికి మెడ నొప్పి పుట్టేలా కూర్చుంది.

జనం మూతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంటున్నారు. గడ్డంవాడూ వాడి కోచూ ముందు వరసలో కుర్చీలు లాక్కున్నారు, నా చావు చూడ్డానికి. రిఫరీ వచ్చి నా పక్కన నిలబడ్డాడు, కాగితం అందుకున్నాడు, కళ్లజోడు సర్దుకున్నాడు.

“ఇది ఖాళీగా ఉంది సార్. ఎవరు పెట్టారు ఈ తీగ?”

చిన్నాన్న గొంతు కాదు, చిన్నాన్నకి ఇంత మర్యాద లేదు. మాటలు మాత్రం అవే. నేను నోరు తెరిచాను. నాలుక కన్నా ముందు పెన్ను పట్టుకున్న చెయ్యి లేచింది. అక్క వైపు లేచింది. దానంతట అది లేచిందని అబద్ధం చెప్పను, నేనే లేపాను, ముప్పై మూడేళ్ల బరువుతో లేపాను, చూపించాను. రిఫరీ ఆ చేతి వెంట చూశాడు. హాల్లో ముందు వరసలన్నీ చూశాయి. అక్క అప్పటికే లేచి నిలబడి ఉంది. నేను చూపించడానికి ముందే లేచిందో, చూపిస్తే లేచిందో, అది ఎప్పటికీ తెలీదు నాకు, చేతి మీదా పెన్ను మీదా ఉంది నా చూపు. కుర్చీల మధ్య నుంచి పక్కకి నడుస్తూ, వైర్ల టేపు దాటుకుంటూ వచ్చింది. దగ్గరికొస్తే పొట్టిగా ఉంది. ఇంత పొట్టిదా.

“నేనే పెట్టాను,” అంది.

“మీరెవరు మేడమ్?”

అక్క మెడలో ట్యాగు తిప్పి చూపించింది. “గార్డియన్‌ని.”

“ఎవరికి?”

నా మెడలో పసుపు ట్యాగు చూసింది. అప్పుడు పెదవి కొరుక్కుంది. “ముందు వీడికి. తర్వాత దానికి.”

వీడికి, అంది. రిఫరీకి ఏమీ అర్థం కాలేదు, ఆయనకి అర్థం కానక్కర్లేదు. నాకు కళ్లల్లో నీళ్లు రాలేదు, రావాలని ఎవరైనా ఎదురుచూస్తే వాళ్ల ఖర్మ. నాకు కోపం వచ్చింది, పచ్చి కోపం. ఇంత తేలికా. ఇంత తేలికైనదాన్ని ఇన్నేళ్లు పిడికిట్లో పెట్టుకుని కూర్చుందా. పళ్ల మధ్య నుంచి అన్నాను, అమ్మ ఇంట్లో టీ తాగుతూ ఇదే ముక్క చెప్పొచ్చుగా అని. జనం వింటున్నారని కూడా చూడలేదు.

“నువ్వు కాదంటావని చూశాను రా,” అంది అక్క. “అందుకే ఎత్తాను ఆ మాట. కాదు నువ్వే పెట్టావు అంటావని. నువ్వు కప్పు కింద పెట్టి వెళ్లిపోయావు.”

అంటే తప్పు నాది. చూశారా, ఎలా తిప్పిందో. తను ఒప్పుకోవడానికి కూడా నేనే నోరు తెరవాలి. తిట్టడానికి ఊపిరి పీల్చుకున్నాను, అంతలో ఆ పిల్ల వచ్చి బబుల్‌గమ్ నములుతూ తన పెట్టె మా మధ్య బల్ల మీద బోర్లా తిప్పి పెట్టింది, లైట్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. నాదీ విప్పి చూడండి సార్, నాదీ అదే తీగ, అంది. రిఫరీ విప్పాడు. మూడో బటన్, మూడో కాలు. సీసం చుక్క కూడా నేను పెట్టే చుక్కలాగే ఉంది, పెద్దదిగా, పక్కకి కారి. అది నేను ఎవరి దగ్గర నేర్చుకున్నానో అప్పుడు గుర్తొచ్చింది. గడ్డంవాడి కోచ్ లేచి ఏదో అంటున్నాడు, ఇంకో రిఫరీ వచ్చాడు, రూల్స్ పుస్తకం వచ్చింది, ఇద్దరూ గోడ దగ్గర గుసగుసలాడారు. చివరికి కళ్లజోడాయన వచ్చి, ఇద్దరికీ ఒకటే మార్పు కాబట్టి ఎవరికీ అదనంగా ఒరిగేదేం లేదు, ఆడే ఇద్దరూ ఒప్పుకుని సంతకం పెడితే ఇలాగే ఆడొచ్చు, అయితే ఆ గడి మాత్రం నింపాలి, అన్నాడు. నేను కాగితం అక్క ముందుకి తోశాను. పెన్ను కూడా. రాయి, అన్నాను. అక్క వంగి రాసింది, గుండ్రటి అక్షరాలు, బడిలో బహుమతులు తెచ్చిన అక్షరాలు. పేరు ముందు బావ ఇంటిపేరు రాయలేదు. మా ఇంటిపేరు రాసింది.

నాలుగు మరలూ నేనే బిగించుకున్నాను. కుర్చీలో కూర్చుంటే పక్కన ఆ పిల్ల హెడ్‌ఫోన్లు సర్దుకుంటూ నావైపు వంగింది.

“మావయ్యా, ముందే చెప్తున్నా. జాలి చూపించను.”

“అడిగానా,” అన్నాను.

పంతొమ్మిదేళ్ల తర్వాత మొదటిసారి ఎవరో మావయ్యా అన్నారు, దానికి నేనిచ్చిన జవాబు అది. మైకువాడు లిఫ్ట్ అంకుల్ అని అరుస్తున్నాడు, జనం అరుస్తున్నారు. అక్క ఏ వైపు కుర్చీలో కూర్చుందో వెనక్కి తిరిగి చూడలేదు, చూడను. కోపం తగ్గలేదు. ఎవరైనా అడిగితే తగ్గలేదనే చెబుతాను. అరికాలి నుంచి నెత్తిదాకా అలాగే ఉంది, ఇప్పుడు దానికి వేలు చివర ఒక చోటు దొరికిందంతే. తెర మీద ఎర్ర తలపాగావాడు కుంటుకుంటూ వచ్చి నిలబడ్డాడు. ఎదురుగా ఇంకో ఎర్ర తలపాగా. ఆ పిల్ల కూడా వాణ్ణే తీసుకుంది, ఇంకెవణ్ణి తీసుకుంటుంది. మూడు, రెండు, ఒకటి. ఉంగరపు వేలు మూడో బటన్ మీద పెట్టి నొక్కాను, టక్ మంది. అదే క్షణంలో పక్కన ఇంకో టక్ వినిపించింది. తెర మీద ఎవరూ కదల్లేదు. జనం ఎందుకాగారా అని ఎదురుచూస్తున్నారు, వాళ్లకి తెలీదు, రెండు తన్నులు అప్పుడే బయల్దేరాయని. నేను వెయ్యలేదు ఇంకా. అదీ వెయ్యలేదు. బటన్ వేడెక్కుతోంది. నొక్కి పట్టుకునే ఉన్నాను.